ఇద్దరికే చోటున్న పుష్పకం

ఆ విమానాన్ని నేను మొదటిసారి చూసింది లారీ మీద. 1987 జూన్ నెల. బెంగళూరు శివార్లలో, బళ్ళారి రోడ్డు నుంచి చిన్న విమానాల మైదానం ఉన్న జక్కూరు వైపు తిరిగే మట్టిదారిలో, ఒక రేకుల షెడ్డు ముందు లారీ ఆగింది. పైన వంకర్లు పోయిన సన్నటి ఇనుప గొట్టాలు, వాటికి వేలాడుతున్న చిరుగుల గుడ్డ. ఎవరిదో పెళ్ళి షామియానా గాలివానకు కూలితే ఏరుకొచ్చారేమో అనుకున్నాను. లారీ క్లీనరు కూడా అలాగే అనుకున్నట్టున్నాడు, గొట్టాల మీద కాలు వేసి కిందికి దూకబోయాడు.

"రేయ్, కాలు తియ్యి! అది విమానం!" అంటూ మా మామ షెడ్డులోంచి పరుగున వచ్చాడు.

క్లీనరు పకపకా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది గానీ, మామ ముందు నవ్వే ధైర్యం లేక గొట్టాలు దించే పనిలో తల దూర్చాను.

మామంటే మా అమ్మకు పెద్దన్న. హిందూపురం దగ్గర పల్లె మాది, నేతపని చేసుకునే ఇల్లు. మామ కూడా చిన్నప్పుడు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చున్నవాడే. ఇరవై దాటాక బెంగళూరు వెళ్ళి హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌లో చేరాడు. ఇప్పటి హెచ్.ఎ.ఎల్. పేరు అప్పట్లో అదే. 1940లో పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్, మైసూరు సర్కారు కలిసి పెట్టిన విమానాల ఫ్యాక్టరీ. అక్కడ మామ పని విమానాలకు గుడ్డ తొడగడం. ఈ మాట ఊళ్ళో ఒక్కరూ నమ్మేవారు కాదు. "విమానానికి గుడ్డేందప్పా, మనిషా ఏమన్నా?" అని నవ్వేవారు. సంక్రాంతికి వచ్చినప్పుడల్లా మామ ఒకసారి ఓపిగ్గా చెప్పి, రెండోసారి అడిగితే లేచి పోయేవాడు.

నేను ఐటీఐలో ఫిట్టర్ పాసై, ఏడాదిగా చింతచెట్టు కింద పులీమేకా ఆడుతున్నాను. చూసి చూసి అమ్మ నన్ను రైలెక్కించింది. గౌరిబిదనూరు, మాకళిదుర్గ, దొడ్డబళ్ళాపురం దాటి యలహంకలో దిగాను. సంచిలో అత్తకోసం వేరుశనక్కాయలు, చింతపండు. అప్పటికి మామ రిటైరై ఏడాది. తెలిసినవాళ్ళ చిన్న రిపేరు వర్క్‌షాపులో పని చేస్తున్నాడు. కాగితాల మీద సంతకం పెట్టే లైసెన్సున్న ఇంజనీరు ఒకాయన, ఆయన్ని అందరం సార్ అనేవాళ్ళం. శివాజీనగర్ నుంచి వచ్చే వెల్డర్ భాయ్ ఒకడు. మామ ఒకడు. వీళ్ళకు టీ తెచ్చే దగ్గర్నుంచి గొట్టాలు గీకేదాకా నేను.

లారీలో వచ్చింది పుష్పక్. పాతతరం పైలట్లకు ఈ పేరు చెబితే చాలు, ముఖం వెలుగుతుంది. వి.ఎం. ఘాటగే నాయకత్వంలో ఇదే బెంగళూరులో డిజైన్ చేసి, 1958 సెప్టెంబరు 28న మొదటిసారి ఎగరేశారు. మొత్తం 160 దాకా తయారుచేసి దేశంలో ఫ్లయింగ్ క్లబ్బులకు ఇచ్చారు. రెక్క పైన, మనిషి కింద. 90 గుర్రాల కాంటినెంటల్ ఇంజను. ఈ చివర నుంచి ఆ చివరికి రెక్కలు 36 అడుగులు. రామాయణంలో పుష్పకానికి ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటు మిగిలే ఉంటుందట. మా పుష్పక్‌లో ఇద్దరికే చోటు, అదీ భుజాలు రాసుకుంటూ. మనుషులు, పెట్రోలు అన్నీ కలిపి 612 కిలోలు దాటకూడదు. నేర్పే ఆయన బొద్దుగా ఉంటే నేర్చుకునేవాడు బక్కగా ఉండాల్సిందే.

మాకొచ్చినది వేరే రాష్ట్రంలో ఒక క్లబ్బుది, పేరెందుకులెండి. ఒంటరిగా ఎగరడం అప్పుడే మొదలుపెట్టిన కుర్రాడు పక్కగాలిలో దింపుతూ దాన్ని తిప్పేశాడు. ఈ విమానాలకు మూడో చక్రం తోక కింద ఉంటుంది, బరువు ముందు చక్రాలకు వెనకపక్క ఉంటుంది. సైకిల్ రిక్షాను వెనక్కి తోసి చూడండి. నిటారుగా పోయినంతసేపూ సరే, కాస్త వంకర పోయిందా, ఇక అదే గిర్రున తిరిగిపోతుంది. ఇదీ అలాగే తిరిగి, ఎడమ చక్రం కాలు విరిగి, ఎడమ రెక్క కొస నేలలో దిగి, ఆఖరికి వెల్లకిలా పడింది. కుర్రాడికి మెడ దగ్గర ఎముక విరిగింది, అంతే. తరవాత వాడు ఎయిర్‌లైన్‌లో చేరాడని విన్నాను.

మొదటి మూడు రోజులు మామ ఒక్క బోల్టు కూడా విప్పలేదు. ముక్కాలిపీట వేసుకుని, నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుని, టార్చితో చూడటం, రాయడం, వేలితో తడమడం, మళ్ళీ రాయడం. నాకు విసుగు పుట్టింది. నాలుగో రోజు నుంచి చీటీలు కట్టడం మొదలైంది. పనికొచ్చేదానికి ఒక రంగు, రానిదానికి ఎర్ర చీటీ. రెండు రోజుల్లో ఎర్ర చీటీలు అయిపోయాయి. ఎర్రకాగితం కొనుక్కురమ్మని నన్ను యలహంక పంపాడు.

"ఇంక మిగిలేదేముంది మామా?" అని అడిగాను.

"మిగిలినదాన్నే విమానం అంటాం రా అల్లుడా" అన్నాడు. అప్పుడు ఏదో మాటవరసకి అన్నాడనుకున్నాను.

అసలు గొడవ స్పార్ దగ్గర వచ్చింది. రెక్క లోపల మొదలు నుంచి చివరిదాకా పోయే చెక్క దూలాన్ని స్పార్ అంటారు, ఒక్కో రెక్కకు రెండు. రెక్క బరువూ, గాలి లాగే లాగుడూ అన్నీ దాని మీదే. ఎడమ రెక్క కొస పిండి పిండి అయింది గానీ, వెనక స్పార్ మాత్రం చూడటానికి నిక్షేపంలా ఉంది. వార్నిష్ కూడా చెదరలేదు. మామ దాన్ని ఎండలోకి పట్టుకెళ్ళి, వార్నిష్ గీకి, భూతద్దం పెట్టి జానెడు జానెడు జరుగుతూ ఒక పూటంతా చూశాడు. ఆఖరికి ఒకచోట ఆగి నన్ను పిలిచాడు. నాకేం కనిపించలేదు. తల అటూ ఇటూ వంచి, వెలుతురు ఏటవాలుగా పడేలా చూస్తే అప్పుడు కనిపించింది. చెక్క ఈనెలకు అడ్డంగా వెంట్రుక మందాన ఒక గీత. కొస నేలకు కొట్టుకున్నప్పుడు ఆ అదురు దూలం పొడుగునా పాకి, చెక్కలోని నారలు ఒకచోట నలిగిపోయాయి. పైకి ఏమీ తెలియదు. ఆ చోట చెక్కకు బలం ఉండదు, ఎప్పుడో ఆకాశంలో పుటుక్కుమంటుంది.

క్లబ్బు తరఫున లెక్కలు చూడటానికి వచ్చినాయన మాత్రం ఒప్పుకోలేదు. ఆ చెక్క మన దేశంలో దొరికేది కాదు, సిట్కా స్ప్రూస్ అని, అలాస్కాలోనూ ఆ కిందుగా సముద్రపు ఒడ్డునా పెరిగే చెట్టు. తెప్పించాలంటే డాలర్లు, పర్మిట్లు, నెలల తరబడి టెన్షన్. "వెంట్రుకంత గీత కోసమా? పైన ప్లైవుడ్ అతికిస్తే పోదా?" అన్నాడాయన. మామ ఏమీ అనలేదు. స్పార్‌ను రెండు స్టూళ్ళ మీద పెట్టి, రంపం తీసుకుని, ఆ గీతకు పక్కన అడ్డంగా కోసేశాడు. పనికిరాదని తేలిన వస్తువును మళ్ళీ ఎవరూ బిగించకుండా పాడుచేసి పారేయడం ఈ వృత్తిలో పద్ధతే. అయినా అంత పొడుగు నున్నటి చెక్క, ఎదురుగా నిలబడ్డ మనిషి చూస్తుండగా! ఆయన కాసేపు రంపంపొట్టు వైపు చూసి, "ఎంతవుతుంది?" అన్నాడు.

ఆ ముక్కల్లో పొడుగుదాన్ని మామ ఇంటికి తెచ్చి వసారాలో దండెంగా కట్టాడు. అత్త దాని మీద చీరలు ఆరేసేది. "చూడబోతే ఇంత లావు, ఎత్తబోతే బరువే లేదు" అని వచ్చినవాళ్ళందరికీ చూపించేది.

కొత్త చెక్క రావడానికి ఆరు నెలలు పట్టింది. ఈలోపు విమానం ఒంటి పని. గొట్టాల చట్రాన్ని మొత్తం గీకి, నేలకు సమంగా దిమ్మెల మీద నిలబెట్టి, తాపీమేస్త్రీల్లాగా రసమట్టం, గుండుదారం పెట్టి ఎక్కడెక్కడ ఒంగిందో కొలిచాం. ముందు సగం దాదాపు అంతా కోసేయాల్సి వచ్చింది. అవి మామూలు ఇనుప గొట్టాలు కావు, క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు. పాతదాన్నీ కొత్తదాన్నీ నిటారుగా కోసి అతికించరు. ఏటవాలుగానో, చేప నోరు తెరిచినట్టో కోసి అతికిస్తారు, అతుకు ఒక్కచోట కాకుండా పొడుగునా పరుచుకోవాలని. భాయ్ గ్యాస్ మంటతో వెల్డింగ్ చేస్తుంటే చూడటం ఒక ముచ్చట. తన అతుకుల్లో గాలి కూడా దూరదని భాయ్ పందెం కాసేవాడు.

ఆ పందెం తేలేది అవిసెనూనెతో. వెల్డింగ్ అంతా అయ్యాక గొట్టానికి చిన్న బెజ్జం చేసి, కాచిన అవిసెనూనె లోపల పోసి, చట్రాన్ని అటూ ఇటూ తిప్పి, మిగిలింది ఒంచేసి, బెజ్జం మూసేస్తారు. లోపల పొరలా అంటుకుని తుప్పు పట్టకుండా కాపాడుతుంది. అతుకులో సూదిమొనంత సందున్నా వేడినూనె బయటికి చెమరుస్తుంది. మర్నాడు పొద్దున భాయ్ కన్నా ముందే వెళ్ళి అతుకులన్నీ గుడ్డతో తుడిచి చూశాను. ఒక్కచోట నూనె తడి కనిపించింది. భాయ్‌కి చూపిస్తే అది తన చెమట అన్నాడు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు, బైటూ కాఫీలో నా సగం కూడా తనే తాగేశాడు.

నా తెలివితేటల సంగతీ చెప్పాలి. ఒకసారి నాలుగు బోల్టులు తక్కువయ్యాయి. ఎస్.పి. రోడ్డులో దొరకనిది లేదంటారు కదా. బస్సెక్కి వెళ్ళి, అచ్చం అదే సైజు, పాతవాటికన్నా తళతళలాడే బోల్టులు సగం ధరకు తెచ్చి గొప్పగా మామ చేతిలో పోశాను. మామ ఒకటి తీసి తల చూశాడు. విమానం బోల్టుకు తల మీద నక్షత్రంలాంటి గుర్తు ఉంటుంది, ఇవి బోడిగా ఉన్నాయి. "కాగితమేది?" అన్నాడు. బిల్లు ఇచ్చాను. "బిల్లు కాదురా, అది ఎక్కడ పుట్టింది, ఎవరు పరీక్ష చేశారు, ఆ కాగితం. కాగితం లేని బోల్టు మేకుతో సమానం." ఆ నాలుగూ తరవాత షెడ్డు తలుపు బందులకు పనికొచ్చాయి. డబ్బు మాత్రం నా జీతంలోంచే పోయింది.

సంక్రాంతి దాటాక చెక్క వచ్చింది. అంగుళానికి చెట్టు వయసు వలయాలు ఎన్నున్నాయో లెక్కపెట్టాం, ఆరుకు తగ్గకూడదు. ఈనె పదిహేను అంగుళాల పొడుగుకు ఒక్క అంగుళం కంటే ఎక్కువ పక్కకు పోకూడదు. చెక్క వాసన చూస్తూ మామ, "చల్లటి దేశంలో నిదానంగా పెరిగింది, అందుకే ఇంత సన్న ఈనె" అన్నాడు. స్పార్లు, వాటికి అడ్డంగా రెక్కకు ఆకారమిచ్చే రిబ్బులు, లోపల బిగుతు తీగలు అన్నీ కుదిరేసరికి వేసవి వచ్చేసింది. ఇంజను విప్పి, ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసు క్రాంక్‌షాఫ్ట్‌ను అయస్కాంతపు పరీక్షకి పంపారు. తిరుగుతున్న ప్రొపెల్లర్ నేలకు తగిలితే లోపల పగులు వచ్చి ఉండొచ్చు. మొత్తానికి ఇంజను గట్టిది, బతికింది. దాని కథ పెద్దగా లేదు.

అసలు కథ గుడ్డది.

రెక్కకు గుడ్డ తొడగడమంటే దిండుకు గలీబు తొడిగినట్టే. మెర్సరైజ్ చేసిన, అంటే క్షారంలో ముంచి గట్టిపరచిన నూలుగుడ్డ. కొత్త గుడ్డలోంచి అంగుళం వెడల్పు పట్టీ తీస్తే 80 పౌండ్ల లాగుడు తట్టుకోవాలి. వాడగా వాడగా 56 కంటే కిందికి దిగిందంటే పీకేసి కొత్తది వేయాల్సిందే. థాను రాగానే మామ ముందు దాన్ని విప్పి వెలుతురుకు పట్టి, పడుగూ పేకా చూశాడు. "పడుగు గాలి దారిలో పోవాల" అన్నాడు. నలభై ఏళ్ళ కిందట మగ్గం వదిలేసిన మనిషి, బొటనవేలితో గుడ్డ అంచు రుద్దడం చూస్తే ధర్మవరం చీర బేరం చేస్తున్నాడేమో అనిపించేది.

కుట్టిన గలీబును రెక్కకు తొడిగి, డోప్ అనే ద్రవం పూస్తారు. పేరు చూసి కంగారు పడకండి, ఇది వేరే డోప్. బట్టకు గంజి పెట్టినట్టే, కాకపోతే ఈ గంజి ఆరేకొద్దీ గుడ్డ బిగుసుకుని, వేలితో కొడితే పలకలా మోగుతుంది. దూదిని ఆమ్లాలతో మార్చి, ద్రావకంలో కరిగిస్తే వచ్చేదే ఈ నైట్రేట్ డోప్. నూలుగుడ్డ మీద దూదినే కరిగించి పూయడమన్నమాట. ఈ సంగతి మామకు ఎంత ఇష్టమో! ఆడవాళ్ళ గోళ్ళరంగు కూడా ఈ జాతిదే. ఇప్పటికీ మా కోడలు గోళ్ళరంగు సీసా మూత తీస్తే నాకు జక్కూరు షెడ్డు వాసనే. అగ్గి అంటుకుంటే మాత్రం క్షణంలో భస్మం. అందుకే ఆ నెలన్నరా భాయ్‌ని, అతని సిలిండర్లను, బీడీలను రోడ్డు అవతల వేపచెట్టు కిందికి తరిమేశాడు మామ. "టైలర్ మాస్టర్ రాజ్యం వచ్చింది" అని భాయ్ అక్కడినుంచే అరిచేవాడు.

మొదటి పూతలు ఆరాక కుట్లు. రెక్కను పక్కకు నిలబెట్టి, ఇటు మామ, అటు నేను. మూరెడు సూది, తేనెమైనం పట్టించిన నారతాడు. మామ ఇటునుంచి పొడిస్తే రిబ్బు పక్కగా రెక్క దాటి నా వైపు వస్తుంది. నేను లాగి, రిబ్బుకు అవతలి పక్కనుంచి తిరిగి పొడవాలి. ఆ తాడుతో గుడ్డను రిబ్బుకు కట్టేసి, ప్రతి కుట్టుకూ ముడి. వల అల్లేవాళ్ళు వేసే ముడి లాంటిది, జారదు. ప్రొపెల్లర్ గాలి తగిలే చోట రెండున్నర అంగుళాలకొకటి, మిగతా చోట మూడున్నరకొకటి. ఈ ముడులు లేకపోతే ఎగిరేటప్పుడు రెక్క పైన గుడ్డ గాలికి ఉబ్బి లేచిపోతుంది.

మామ, నేను ఒకరికొకరం కనిపించం. ఎండ గుడ్డ లోపలికి దిగకుండా వేసే వెండిపూత ఇంకా వేయలేదు కాబట్టి, కిటికీ వెలుతురులో గుడ్డ మీద మామ నీడ మాత్రం కదులుతుండేది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అలా. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు పది మాటలకు మించి మాట్లాడని మనిషి, గుడ్డ అడ్డం ఉంటే మాట్లాడేవాడు. మా తాత మగ్గం అప్పులవాళ్ళు పట్టుకుపోయిన రోజు సంగతి అలాగే చెప్పాడు. పడుగు మీద ఇంకా రెండు గజాల చీర ఉండిందట. తెంపి ఇవ్వమంటే తాత తన చేత్తో తెంపలేక, మామను తెంపమన్నాడట. ఆ వారమే మామ బెంగళూరు బండి ఎక్కాడు. ఇంతవరకు చెప్పి, "తాడు గట్టిగా లాగు, ఏం సేస్తాండావ్ ఆడ?" అని గద్దించాడు. ఈ విషయం మా అమ్మకు కూడా తెలియదని తరవాత తెలిసింది.

నాది ఎడమచేతివాటం. నా ముడులు మామ ముడులకు ఎదురు దిక్కుకు వాలేవి. "రెక్క మీద వంకరపాపిడి తీశావు కదరా" అని తిట్టేవాడు గానీ, సార్ వచ్చి గోటితో లాగి చూసి, గట్టిగానే ఉన్నాయి పోనీ అన్నారు.

అంతా బాగా జరుగుతున్న రోజుల్లో నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. మే చివర్లో మామ ఏదో పెళ్ళికి హిందూపురం వెళ్ళాడు. రెండు రోజులు. "మబ్బుగా ఉంది, నేనొచ్చేదాకా డోప్ డబ్బా మూత తీయొద్దు" అని మరీ మరీ చెప్పాడు. మిగిలింది ఎడమ రెక్క వెనకంచున ఆడుతూ విమానాన్ని పక్కకు వాల్చే పలక, ఐలరాన్ ఒక్కటే. చిన్నది. మామ వచ్చేలోపు పూసి పెట్టేస్తే మెచ్చుకుంటాడనుకున్నాను. సాయంత్రం సన్నగా తుంపర. తలుపులు మూసుకుని, ఒకటికి మూడు పూతలు దట్టంగా పూశాను. పొద్దున లేచి చూస్తే ఐలరాన్ మీద బూడిదగుమ్మడికాయ మీద ఉండే లాంటి తెల్లటి బూడిద. తడిగుడ్డతో తుడిచాను, పోలేదు.

డోప్‌లోని ద్రావకం ఆవిరవుతూ గుడ్డను చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువుంటే అది నీరై పూతలో ఇరుక్కుపోతుంది. అలా తెల్లబడ్డ పూతకు బలం ఉండదు. అదొక్కటే అయితే థిన్నర్ కొట్టి బాగుచేయొచ్చు. దట్టంగా పూయడం వల్ల గుడ్డ మితిమీరి బిగుసుకుని, ఐలరాన్ వెనకంచు రేకు కూడా రిబ్బుకూ రిబ్బుకూ మధ్య లోపలికి ఒంగింది. మామ వచ్చాడు, చేతిసంచి కింద పెట్టకుండానే చూశాడు. పెళ్ళిలడ్డూల పొట్లం నా చేతికిచ్చి, "తిని, దీని గుడ్డంతా పీకు. రేకు మార్చి, మళ్ళీ నువ్వొక్కడివే తొడుగు. నేను సూది పట్టుకోను" అన్నాడు. కొట్టుంటే బాగుండేది. ఇటునుంచి పొడిచి, అటు తిరిగి వచ్చి లాగి, మళ్ళీ ఇటు వచ్చి ముడి వేసి, ఐదు రోజులు నేనొక్కణ్ణే కుట్టాను.

జులైలో తూకం వేశారు, కాగితాలు పోయాయి, ఇన్‌స్పెక్షన్‌కి ఒక అధికారి వచ్చారు. ఆయన రెండు రోజులు అన్నీ చూసి, చివర్లో పైలట్ సీటు పక్కన ఉన్న చిన్న పేరుపలక దగ్గర ఆగారు. అరచేయంత రేకు, మోడల్, సీరియల్ నంబరు, తయారైన సంవత్సరం కొట్టి, నాలుగు మరలతో బిగించి ఉంటుంది. అది పాతదే. మామ నిమ్మకాయ పెట్టి తోమించాడు. విమానంలో మిగిలిన పాతవి లెక్కపెడితే ఆ పలక, వెనక సగం గొట్టాలు, ఇంజను, కాళ్ళ కింద పెడళ్ళు, కుడి తలుపు గొళ్ళెం. అయినా కాగితాల ప్రకారం అది అప్పుడు పుట్టిన విమానమే.

ఆ సాయంత్రం కాఫీ దగ్గర భాయ్ తేల్చేశాడు, ఇది కొత్త విమానం, పాతది ఎప్పుడో చచ్చిపోయిందని. "గుడి గోపురం కూలితే మళ్ళీ కడతారు. గుడి పేరు మారుస్తారా?" అన్నాడు మామ. 2010లో శ్రీకాళహస్తిలో రాయలవారి రాజగోపురం కుప్పకూలినప్పుడు, 2017లో ఆ చోటే కొత్తది నిలబడినప్పుడు, నాకు మామ మాట గుర్తొచ్చింది. మొన్నామధ్య మా అబ్బాయి ఫోనులో అలాస్కా వీడియో చూపించాడు. ఏటి ఒడ్డున గులకరాళ్ళ మీద దిగే పైపర్ సూపర్ కబ్ విమానాలు. 1949 నుంచి చేసిన రకం, మా పుష్పక్ లాంటివే, గొట్టాలు, గుడ్డ. లావుపాటి బెలూన్ టైర్లు మాత్రం వాటి సొంతం. ఎక్కడో అడవిలో పల్టీ కొట్టినదాన్ని మోసుకొచ్చి, కొత్త చట్రం, కొత్త రెక్కలు, కొత్త గుడ్డ వేసి, పాత పేరుపలక మళ్ళీ బిగిస్తున్నారు. మావాడికి అది మోసంలా అనిపించింది. నాకు ఆ వీడియోలో వెల్డింగ్ చేస్తున్నవాడి ముఖంలో భాయ్ కనిపించాడు.

1988 ఆగస్టులో ఒక పొద్దున, గాలి లేవకముందే, ఎగిరే పరీక్ష. సెల్ఫ్ స్టార్టర్ లేదు, ప్రొపెల్లర్ చేత్తో తిప్పాల్సిందే. సార్ ముందు నిలబడి "స్విచ్ ఆఫ్" అని అరవడం, లోపలి నుంచి పైలట్ "ఆఫ్" అనడం, నాలుగు చుట్లు తిప్పాక "కాంటాక్ట్" అనడం. మూడో ఊపుకు అందుకుంది. రన్‌వే మీద సగం దూరం కూడా పోకముందే తోక లేచింది, ఆపైన చక్రాలు లేచాయి. భాయ్ టోపీ తీసి ఏదో చదువుకున్నాడు. మామ పైకి చూడలేదు. నేల చూస్తూ, తల కాస్త పక్కకు వంచి, శబ్దం వింటున్నాడు. ఇరవై నిమిషాలు అలాగే నిలబడ్డాడు.

కాగితాలన్నీ చేతికొచ్చాక ఒకరోజు పైలట్ మామను రమ్మన్నాడు, ఒక చుట్టు తిప్పి తెస్తానని. మామ ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్ళకు పైగా విమానాలకు గుడ్డ తొడిగినవాడు ఒక్కసారీ ఎక్కలేదని అప్పుడే తెలిసింది నాకు. "ఎందుకు మామా?" అంటే, "ఎన్ని కుట్లు వేసినానో నాకు తెలుసు రా. పైకి పోతే అన్నీ లెక్కపెట్టుకుంటా కూర్చుంటా" అన్నాడు. నన్ను తోశాడు. ఉన్నవి రెండే సీట్లు కదా, పైలట్ పక్కన నేను. కింద జక్కూరు చెరువు, అటు హెబ్బాళ చెరువు, చుట్టూ రాగిచేలు, ద్రాక్షతోటలు. యలహంక నుంచి మా ఊరి వైపు పోయే రైలుపట్టా, దూరంగా నందికొండ. అన్నీ చూసినట్టే గుర్తు గానీ, నిజం చెప్పాలంటే నేను ఎక్కువసేపు చూసింది ఎడమ రెక్క వెనక ఐలరాన్‌నే. పైలట్ కర్ర కదిపినప్పుడల్లా అది పైకీ కిందికీ ఆడుతుంటే నా కడుపులో దూది తిరిగినట్టుండేది.

క్లబ్బువాళ్ళు విమానం పట్టుకుపోయారు. ఆఖరి విడత డబ్బు మాత్రం రాలేదు. ఉత్తరాలు రాసి రాసి సార్ విసిగిపోయారు, మరుసటి ఏడు షెడ్డు మూసేశారు. నేను ఒక బస్సు బాడీ బిల్డింగ్ కంపెనీలో చేరి అక్కడే రిటైరయ్యాను. మామ పోయి పద్దెనిమిదేళ్ళు. 2008లో బెంగళూరు పాత విమానాశ్రయంలో ప్రయాణికుల విమానాలు ఆపి దేవనహళ్ళిలో కొత్తది తెరిచినప్పుడు, మంచంలో ఉండి పేపరు చదివించుకున్నాడు. ఆ ఏడే పోయాడు.

నాలుగేళ్ళ కిందట మా తమ్ముడి మనవరాలి సీటు కోసం బెంగళూరు శివార్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్ళాం. వాళ్ళు ఆఫీసులో కూర్చుంటే నేను కాళ్ళు సాగదీద్దామని బయటికొచ్చాను. వెనక బ్లాకు ముందు, గడ్డిలో, సిమెంటు దిమ్మెల మీద ఒక పుష్పక్. టైర్లు లేవు. ప్రొపెల్లర్‌కు ఎవరో బంతిపూల దండ వేసి వదిలేశారు, బహుశా ఆయుధపూజకు. రంగు పోయి కింద వెండిపూత బయటపడింది. దేశంలో ఎన్నో పుష్పక్‌లు, మాదే కావాలని ఎక్కడుంది? తలుపు తీసి చూశాను. కుడివైపు గొళ్ళెం పాతకాలంది, ఎడమవైపుది వేరే. పేరుపలక కోసం వెతికాను. అది లేదు. నాలుగు మరల బెజ్జాలు మాత్రం ఉన్నాయి. ఎవరో ఇష్టపడి విప్పుకుపోయారు.

దిగి ఎడమ రెక్క వెనక్కి వెళ్ళాను. ఐలరాన్ మీద కుట్లను కప్పుతూ అతికించిన పట్టీ ఒకచోట ఎండకు ఊడి, కింద కుట్లు కనిపిస్తున్నాయి. వేలితో తడిమాను. ముడులన్నీ ఎదురు దిక్కుకు వాలి ఉన్నాయి.

"ముట్టబేడి సార్" అంటూ వాచ్‌మన్ వచ్చాడు. నా తెల్లజుట్టు చూసి కాస్త తగ్గి, మీరు పైలట్టా అని కన్నడంలోనే అడిగాడు.

"అల్లప్పా, టైలర్" అన్నాను.